నాలుగు గళ్ల హాస్యం టీషర్టు మీదికి ఎక్కాలంటే

తెలుగులో సొంతంగా హాస్య వెబ్‌కామిక్ (ఇంటర్నెట్‌లో పెట్టే బొమ్మల కథ) నడిపేవాళ్ల దారి దాదాపు ఒకేలా ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరుస్తారు, వారానికి ఒకటో రెండో స్ట్రిప్పులు, అంటే నాలుగైదు గళ్లలో ముగిసే చిన్న బొమ్మల కథలు, పెడతారు. పాఠకులు కాస్త పోగయ్యాక ‘దీన్ని టీషర్టు వేయండి’ అని అడగడం మొదలవుతుంది. బాగా షేరైన స్ట్రిప్పును ఉన్నదున్నట్టుగా ప్రింటు షాపుకు పంపేస్తారు. చొక్కా చేతికొచ్చాక చూస్తే అక్షరాల కడుపులు రంగుతో పూడుకుపోయి ఉంటాయి, వత్తులు ఊడి పక్కకు జరిగి ఉంటాయి, ఛాతీ మీద ప్లాస్టిక్ అట్ట అంటించినట్టు ఉంటుంది. నింద షాపు మీద పడుతుంది. నిజానికి ఆ చొక్కా ఎలా వస్తుందో స్ట్రిప్పు గీసిన రోజే తేలిపోయింది. ఫైలు ఏ కొలతలో తెరిచారు, అక్షరాలు ఎలా పేర్చారు, నవ్వు ఒక్క మాటలో ఇమిడిందా లేక నాలుగు గళ్లూ చదివితే తప్ప రాదా అన్నవన్నీ అప్పుడే నిర్ణయమైపోతాయి. చొక్కాలు వేసే ఆలోచన ఏ మూలన ఉన్నా మొదటి గడి దగ్గరే దాని సంగతి చూసుకోవాలి.

మాట కుదిరాకే బొమ్మ

బొమ్మలు అంతగా రావని వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది. ఆ భయం అక్కర్లేదు. ర్యాండల్ మన్రో 2005లో మొదలుపెట్టిన ఎక్స్‌కేసీడీ అనే ఇంగ్లిష్ వెబ్‌కామిక్‌లో మనుషులంతా పుల్లల బొమ్మలే. ర్యాన్ నార్త్ 2003లో మొదలుపెట్టిన డైనోసార్ కామిక్స్‌లో అయితే దాదాపు ప్రతి స్ట్రిప్పులోనూ అవే ఆరు గళ్లు, అవే బొమ్మలు, మారేది మాటలే. తెలుగులో ఈ పద్ధతి ఇంకా బాగా నడుస్తుంది. మన హాస్యంలో ఎక్కువ పాలు మాట్లాడే తీరులోనే ఉంది: సాగదీత, దెప్పిపొడుపు, వద్దంటూనే తీసుకునే మర్యాద, ఒక మాట అని దాని వెనక ఇంకోటి ఉద్దేశించడం.

ఒక స్ట్రిప్పును దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. చుట్టాలింటికి వచ్చినవాళ్లు తిరుగు ప్రయాణమవుతున్నారు. మొదటి గడిలో సోఫాలోంచి లేస్తూ ఒకాయన ‘ఇక బయల్దేరతాం’ అంటాడు. రెండో గడిలో గుమ్మం దగ్గర ఒక కాలికి చెప్పు తొడుక్కుని, అదే మాట. మూడో గడిలో గేటు దగ్గర, చీకటి పడింది, మళ్లీ అదే మాట. నాలుగో గడిలో వాళ్లు గేటు దగ్గర ఇంకా మాట్లాడుకుంటూనే ఉంటారు. ఇంటి లోపల అదే సోఫాలో ఆటో డ్రైవరు కాళ్లు చాపుకుని కాఫీ తాగుతూ ‘కానివ్వండి, తొందరేం లేదు’ అంటాడు.

మొదటి మూడు గళ్లలో మాట మారకూడదు. ‘సరే మరి’, ‘వెళ్లొస్తాం’ అని మార్చి రాయాలని చేయి లాగుతుంది. మారిస్తే లయ పోతుంది. మాట అదే అని తెలిశాక పాఠకుడి కన్ను బొమ్మలో తేడా వెతుక్కుంటుంది. అందుకని తేడాలన్నీ బొమ్మలో పెట్టాలి: తగ్గుతున్న వెలుతురు, చేతిలో కొత్తగా చేరిన పచ్చడి సీసా, ఆ తర్వాత అరటి గెల. ఆటోను మూడో గడిలోనే చూపించాలి, డ్రైవరు సీటు ఖాళీగా ఉంచాలి. అది లేకపోతే నాలుగో గడి ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది. మరీ ముందుకు తెచ్చి గీస్తే చదివేవాళ్లు ముందే పట్టేస్తారు. గేటు పక్కన మూలకు, గడిలో ఆరో వంతుకు మించకుండా ఉంటే చాలు. నాలుగో గడిలో డ్రైవరు మాటే చివరిది. ఆ తర్వాత ఎవరో నోరెళ్లబెట్టినట్టు ఇంకో ముఖం గీస్తే, పేలిన నవ్వును మళ్లీ విడమరిచి చెప్పినట్టవుతుంది. కొత్తవాళ్ల స్ట్రిప్పుల్లో తరచుగా కనిపించే లోపం ఇదే.

రాసేటప్పుడు బొమ్మ జోలికి పోకుండా మాటలు మాత్రం ఒక కాగితం మీద పెట్టి బిగ్గరగా చదవాలి. నోటికి తిరగని మాట పుస్తక భాషలోంచి వచ్చిందని అర్థం. గడికి 12 నుంచి 15 మాటలు దాటితే బెలూను (మాటలు రాసే బుడగ) బొమ్మను మింగేస్తుంది. యాస విషయంలో ఒక నియమం గట్టిగా పాటించాలి: పాత్రకు ఒక యాస ఇచ్చాక చివరిదాకా అదే. ‘వచ్చిండు’ అనే మనిషి నాలుగో గడిలో ‘వచ్చాడు’ అంటే తెలంగాణ పాఠకుడి చెవి అక్కడే ఆగిపోతుంది. సీమ పాత్ర ‘వచ్చినాడు’ విషయంలోనూ అంతే. యాస పాత్రకు ప్రాణం పోయాలి. యాసే జోకైతే, ఆ ప్రాంతంవాళ్లను వెక్కిరించడం తప్ప అందులో రచన ఏమీ ఉండదు.

ఫైలు కొలత

ఇన్‌స్టాగ్రామ్‌లో నిలువు పోస్టుకు 4:5 నిష్పత్తి, అంటే 1080 అడ్డం, 1350 నిలువు పిక్సెళ్లు. చాలామంది సరిగ్గా ఆ కొలతలోనే గీస్తారు. తెర మీద బాగానే ఉంటుంది. కానీ 1080 పిక్సెళ్ల బొమ్మను చొక్కా మీద 28 సెంటీమీటర్ల వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి 98 చుక్కలే వస్తాయి. ప్రింటుకు 300 కావాలి. దీనికి తేలికైన విరుగుడు ఉంది: ప్రతి గడినీ మూడింతల కొలతలో, 3240 × 4050 పిక్సెళ్లలో గీయడం. 300 చుక్కల లెక్కన ఇది 27.4 × 34.3 సెంటీమీటర్లు, అంటే టీషర్టు ముందు భాగంలో మామూలుగా వేసే ప్రింటు కొలతే. ఫోనుకు పెట్టేటప్పుడు సరిగ్గా మూడో వంతుకు తగ్గిస్తే 1080 × 1350 వస్తుంది. ఒకే ఫైలు రెండు పనులకూ సరిపోతుంది.

ఇంత పెద్ద ఫైలు తెరిస్తే మామూలు ట్యాబ్లెట్‌లో లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే బొమ్మ పొరలు) తక్కువ దొరుకుతాయి. నాలుగు గళ్లనూ ఒకే ఫైలులో పెట్టకుండా గడికో ఫైలు తెరిస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. పాత్ర ఒక లేయరులో, వెనక దృశ్యం ఇంకో లేయరులో, అక్షరాలు వేరేగా ఉంచాలి. అన్నీ కలిపేసి సేవ్ చేస్తే ఆర్నెల్ల తర్వాత ఆటో డ్రైవరు ఒక్కడే కావాల్సి వచ్చినప్పుడు మళ్లీ గీసుకోవాలి. గీత మందం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. చొక్కా మీద అర మిల్లీమీటరు కంటే సన్న గీత నిలవదు. ఈ ఫైలులో అర మిల్లీమీటరంటే 6 పిక్సెళ్లు. బ్రష్షు అంతకంటే సన్నగా వాడకూడదు. ప్రధాన గీత 18 పిక్సెళ్లు పెడితే బట్ట మీద ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఫోనులో 6 పిక్సెళ్లు. రెండుచోట్లా నిండుగా కనిపిస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త: 2025 జనవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైలు పేజీలో బొమ్మలు చదరంగా కాకుండా నిలువుగా, 3:4లో కనిపిస్తున్నాయి. 4:5 బొమ్మకు అక్కడ రెండు పక్కలా 34 పిక్సెళ్ల చొప్పున కోత పడుతుంది. అంచుకు ఆనించి రాసిన అక్షరం తెగిపోతుంది.

అక్షరాలకు చోటు

తెలుగు కామిక్‌లో సగం పని ఇక్కడే ఉంది, అందరూ తొందరపడేదీ ఇక్కడే. ఇంగ్లిష్ పుస్తకాల్లో చూసిన బెలూన్ల కొలత తెలుగుకు సరిపోదు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు ఉంటాయి. ఫాంటు తయారుచేసేవాళ్లు వాటన్నిటికీ చోటు వదలాలి కాబట్టి అసలు అక్షరం చిన్నదైపోతుంది. 1080 వెడల్పు బొమ్మలో 48 పిక్సెళ్ల తెలుగు ఫాంటు పెట్టినా ఫోను తెర మీద అక్షరం ఒళ్లు ఒకటిన్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. అంతకంటే తగ్గిస్తే నలభై దాటినవాళ్లు ఫోను దూరం పెట్టి చదవాలి. వరసల మధ్య ఎడం అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడితో కొట్టుకుంటుంది. బెలూనుకు మూడు వరసలు, వరసకు మూడు నాలుగు మాటలు. ముందు అక్షరాలు పెట్టి, వాటి చుట్టూ బెలూను గీసి, మిగిలిన చోట బొమ్మ సర్దాలి. తిరగేసి చేస్తే బెలూను ఎప్పుడూ ఎవరో ఒకరి తల మీద పడుతుంది.

చేతిరాత బాగున్నవాళ్లు చేత్తోనే రాసుకోవడం అన్నిటికంటే మంచిది. పాత్ర గొంతు అక్షరంలోకి వస్తుంది. అరుపు పెద్దదవుతుంది, గొణుగుడు చిన్నదవుతుంది. ఫాంటు వాడాలంటే సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే అక్షరాల కోడు) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మామూలు సంభాషణకు మండలి, లావుపాటి కేకలకు రామభద్ర, చేతిరాతలా కావాలంటే లక్కిరెడ్డి పనికొస్తాయి. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి అమ్మే చొక్కా మీద వాడుకోవచ్చు. వేరే చోట దించుకున్న ఫాంటుకు ఆ అనుమతి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

కొన్ని డ్రాయింగు యాప్‌లు తెలుగు వత్తులను సరిగా కలపలేవు. ‘బయల్దేరతాం’లో ల కింద ద వత్తుగా చేరాలి, కలపలేని యాప్ దాన్ని పొల్లుతో విడగొట్టి, పక్కన విడి ద పెడుతుంది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకోకపోతే ఇదే గొడవ. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ తెలుగును సరిగ్గా కలుపుతుంది. అక్కడ టైపు చేసి, ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కి అక్షరాలను గీతలుగా మార్చి తెచ్చుకుంటే ఎక్కడా చెదరవు. దీనికి ఎదురు సమస్య ఇంకోటి ఉంది: కలవకూడని చోట కలిసిపోవడం. ‘సాఫ్ట్‌వేర్’ అని రావాల్సింది ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. పొల్లు తర్వాత కనిపించని విడదీత గుర్తు, యూనికోడ్‌లో 200సి, పెడితే విడిగా నిలుస్తుంది. ఆటోలు, ఆఫీసులు, ఫోన్ల చుట్టూ తిరిగే జోకుల్లో ఇలాంటి మాటలు గడికొకటి తగులుతాయి.

ఇక ప్రింటు షాపు సంగతి. మన ఊళ్లలో చాలా షాపులు ఇప్పటికీ కోరల్‌డ్రా అనే డిజైను సాఫ్ట్‌వేరుతో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో పనిచేస్తాయి. అను ఫాంట్లది యూనికోడ్ పద్ధతి కాదు. వాట్సాప్‌లో పంపిన వాక్యాన్ని అక్కడ అతికిస్తే డబ్బాలో, పిచ్చి గీతలో వస్తాయి. అప్పుడు ఆపరేటరు చూసి మళ్లీ టైపు చేస్తాడు, ఒక దీర్ఘమో వత్తో పోతుంది, యాభై చొక్కాలు తప్పు మాటతో అచ్చవుతాయి. అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ లేదా ఎస్‌వీజీ (గీతలుగా దాచే బొమ్మ ఫైలు) పంపి, ‘టైపు చేయొద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి’ అని చెప్పాలి. ప్రింటుకు ముందు ఆపరేటరు తెర ఫొటో తెప్పించుకుని అక్షరం అక్షరం చదవాలి.

తెలుగు కామిక్ ఎక్కువ దూరం పోయేది వాట్సాప్ ద్వారానే. అక్కడ బొమ్మ కుదించుకుపోతుంది. రంగుల నేల మీద ఎర్రటి సన్న అక్షరాలు ముందుగా అలుక్కుంటాయి, తెల్ల బెలూనులో నల్ల అక్షరాలు ఎన్ని చేతులు మారినా బతుకుతాయి. సంతకం అడుగు అంచున పెడితే ఎవరో ఒకరు కత్తిరించి పంపుతారు. చివరి గడిలో పాత్ర కాళ్ల దగ్గరో, సోఫా చెక్క మీదో, తీస్తే బొమ్మ పాడయ్యే చోట పెట్టాలి.

ఏ మాట చొక్కా ఎక్కుతుంది

కామిక్‌ను ఒక మనిషి తన ఫోనులో, తన తీరిక వేళ చదువుకుంటాడు. చొక్కా మీది మాట అలా కాదు. అది వేసుకున్న మనిషి నోటి మాట అయిపోతుంది. బస్టాండులో, కాలేజీలో, బారసాలలో, ముక్కూ మొహం తెలియనివాళ్లకు అతను దాన్ని వినిపిస్తున్నట్టే లెక్క. అందుకే బాగా నవ్వించిన స్ట్రిప్పు చొక్కాగా అమ్ముడుపోకపోవడం, ఓ మోస్తరు స్ట్రిప్పులోని చిన్న ముక్క బాగా పోవడం మామూలే.

పై స్ట్రిప్పులో చొక్కాకు పనికొచ్చేవి రెండున్నాయి. ‘ఇక బయల్దేరతాం’ ఒంటరిగా నిలబడదు. ఒక కాలికి మాత్రమే చెప్పు తొడుక్కున్న మనిషి బొమ్మ పక్కన ఉంటేనే వెలుగుతుంది. ‘తొందరేం లేదు’ మాత్రం స్ట్రిప్పు చూడనివాళ్లకూ అర్థమవుతుంది, వేసుకునేవాడి తత్వంగా చెల్లుతుంది. పైగా అందులో వత్తు ఒక్కటీ లేదు. లావుగా వేస్తే మూడు మీటర్ల దూరం నుంచి చదవొచ్చు. రెండింట్లో మొదట అచ్చు వేయాల్సింది ఇదే. కింద కాఫీ గ్లాసుతో డ్రైవరు బొమ్మ చిన్నగా పెడితే కామిక్ పాఠకులకు వాళ్ల సోఫా మనిషి దొరుకుతాడు, కొత్తవాళ్లకు అడ్డమూ ఉండదు.

ప్రధాన వాక్యంలో అక్షరం ఎత్తు రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు ఉండాలి. ఒక వరసలో ఏడెనిమిది అక్షరాలు, మొత్తం రెండు వరసలు. అంతకంటే పొడుగైన వాక్యాన్ని చదవడానికి ఎదుటివాళ్లు ఛాతీ వైపు తేరిపార చూడాలి, అది ఇద్దరికీ ఇబ్బందే. ముఖ్యంగా అమ్మాయిలు ఆ కారణంతోనే చాలా డిజైన్లను పక్కనపెడతారు. వెనక వైపు వీపు మీద అయితే నాలుగు వరసలైనా ఫరవాలేదు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి అమ్మే చొక్కాలు చాలానే ఉన్నాయి, అవి అమ్ముడుపోతున్నాయి కూడా. అయినా తెలుగు లిపికి ఉన్న గుండ్రదనం, నిండుదనం బట్ట మీద చూడ్డానికే ఒక అందం. లిపి రాని బెంగళూరు స్నేహితుడు ‘ఇదేమిటి’ అని అడిగితే చెప్పుకునే సరదా వేసుకున్నవాళ్లది.

మూడు రకాల అచ్చు

స్క్రీను ప్రింటులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను, అంటే ఇంకు దిగే జాలి బిగించిన చట్రం, కావాలి. నల్ల చొక్కా మీద రెండు రంగులు వేయాలంటే అడుగున తెలుపు పొరకు ఇంకోటి కలిపి మూడు స్క్రీన్లు. ఆ ఖర్చు పది చొక్కాలకైనా వందకైనా ఒకటే, అందుకే 30, 50కి తక్కువైతే షాపులు ఒప్పుకోవు. సన్న గీతలకు 77టీ జాలి (సెంటీమీటరుకు 77 దారాలు), మందపాటి తెలుపు పొరకు 43టీ జాలి వాడతారు. ముతక జాలితో సన్న అక్షరాలు వేస్తే ‘ఠ’ లోపలి చుక్క కలిసిపోయి నల్లటి ఉండ అవుతుంది, ‘థ’, ‘ధ’ మధ్య తేడా పోతుంది. అక్షరం లోపలి ఖాళీ ఎక్కడా ఒక మిల్లీమీటరు కంటే తగ్గకుండా చూసుకోవాలి. ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఇంకు మందమంతా 160 డిగ్రీల వరకు వేడెక్కితేనే పూర్తిగా గట్టిపడుతుంది. పైపైన ఆరింది కదా అని తీసేస్తే చేతికి అంటదు, బాగుందనిపిస్తుంది, మూడో ఉతుకుకు పగిలి రాలుతుంది. కాటన్ మీద రంగు తీసి రంగు ఎక్కించే డిశ్చార్జి ప్రింటు మెత్తగా, బట్టలో కలిసిపోయినట్టు ఉంటుంది, కానీ రియాక్టివ్ డై (నూలుతో రసాయనికంగా కలిసే రంగు) వేసిన బట్టకే పట్టుతుంది.

తక్కువ సంఖ్యలో వేసుకునేవాళ్లు ఇప్పుడు డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) వైపే పోతున్నారు. బొమ్మను ఫిల్ము మీద ముద్రించి, జిగురు పొడి చల్లి కరిగించి, 150 నుంచి 160 డిగ్రీల వేడిలో 12, 15 సెకన్లు ఒత్తితే బట్టకు అంటుకుంటుంది. ఫిల్ము తీశాక పైన బటర్ పేపరు పెట్టి ఇంకో పది సెకన్లు ఒత్తడం చాలామంది మానేస్తారు. అంచులు లేచిపోవడానికి మొదటి కారణం అదే. రోలు వెడల్పు 60 సెంటీమీటర్లు, అచ్చయ్యేది 58 దాకా. 28 × 32 సెంటీమీటర్ల డిజైన్లు ఒక మీటరు ఫిల్ములో అడ్డం రెండు, నిలువు మూడు, మొత్తం ఆరు పడతాయి. సందుల్లో చేతుల మీదికో జేబు చోటుకో సరిపడే చిన్న బొమ్మలు దూర్చుకోవచ్చు. షాపు డబ్బు తీసుకునేది మీటరుకు, బొమ్మకు కాదు.

డీటీఎఫ్‌తో వచ్చే పెద్ద చిక్కు గాలి ఆడకపోవడం. కామిక్ గడిని నేపథ్యంతో సహా దీర్ఘచతురస్రంగా వేస్తే, మే నెల విజయవాడలో ఆ చొక్కా అరగంట కూడా ఒంటిమీద ఉండదు. నేపథ్యం తీసేయాలి. నల్ల చొక్కా అయితే బొమ్మలోని నల్ల గీతలన్నిటినీ ఖాళీగా వదిలి, బట్ట రంగునే నలుపుగా వాడుకోవాలి. ఫిల్ము ముక్కలు ముక్కలై బట్ట మెత్తగా వంగుతుంది. మసక నీడలు, మెల్లగా కరిగిపోయే అంచులు పెట్టకూడదు. సగం పారదర్శకమైన చోట కూడా కింద తెలుపు పొర పడి చుట్టూ సుద్ద పూసినట్టు కనిపిస్తుంది. అంచు ఎక్కడైనా గట్టిగా తెగాలి.

మూడోది సబ్లిమేషన్, అంటే వేడితో రంగును ఆవిరిగా మార్చి బట్టలోకి ఎక్కించడం. అది పాలిస్టరు మీద, అదీ లేత రంగుల మీద మాత్రమే. కాటన్ చొక్కాకు పనికిరాదు కాబట్టి దాని ప్రస్తావన ఇంతటితో చాలు.

బట్ట, కొలత, ఉతుకు

ఖాళీ చొక్కాలు ఎక్కువగా తమిళనాడులోని తిరుప్పూరు నుంచే వస్తాయి. తెలుగు ఎండలకు 180 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో), నూరు శాతం కోంబ్డ్ కాటన్ (పొట్టి పీచు దువ్వి తీసేసిన నూలు), బయోవాష్ చేసినది (ఎంజైములతో నునుపు చేసినది) సరిపోతుంది. భుజాలు జారే ఓవర్‌సైజు రకం 220, 240లో వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, డిసెంబరులోనే హాయి. తెలుపు చొక్కా 180 కంటే పలచనైతే లోపలిది కనిపిస్తుంది. పాలిస్టరు కలిసిన ఎర్ర బట్ట మీద తెల్ల ప్రింటు వేస్తే వేడికి బట్ట రంగు పైకి పాకి గులాబీ రంగు అవుతుంది.

కుంచించుకుపోయే గుణం తప్పకుండా పరీక్షించాలి. నమూనా చొక్కా పొడవు కొలిచి, మూడుసార్లు ఉతికి, ఆరాక మళ్లీ కొలవాలి. 72 సెంటీమీటర్ల చొక్కా 5 శాతం తగ్గితే మూడున్నర సెంటీమీటర్లు పొట్టి అవుతుంది. బట్ట కుంచించుకుంటుంది గానీ డీటీఎఫ్ ఫిల్ము కుంచించుకోదు, కాబట్టి ప్రింటు చుట్టూ బట్ట ముడతలు పడుతుంది. ఉతుకు పరీక్ష వాషింగ్ మెషీనుతో ఆపేయకూడదు. చాలా ఇళ్లలో ఇంకా సబ్బు రాసి, బ్రష్షుతో రుద్ది, బండ మీద ఉతుకుతారు. నమూనాను అలాగే అయిదుసార్లు ఉతికి, ప్రింటు నిలిస్తేనే ఆర్డరు ఇవ్వాలి. తిరగేసి ఉతకాలని, ప్రింటు మీద ఇస్త్రీ పెట్టకూడదని లేబులు మీద తెలుగులో వేయడం మంచిది.

ప్రింటు కాలరు కింద ఏడెనిమిది సెంటీమీటర్ల దగ్గర మొదలవ్వాలి. ఇంకా కిందికి పోతే బొమ్మ పొట్ట మీద కూర్చుంటుంది. మధ్య గీత తెలియడానికి చొక్కాను నిలువునా మడిచి ఒకసారి ప్రెస్సు తగిలిస్తే సన్న మడత పడుతుంది, దాన్నిబట్టి ఫిల్ము అమర్చాలి. అన్ని సైజులకూ ఒకే ప్రింటు వేస్తే ఎస్ సైజుకు సరిపోయే 24, 25 సెంటీమీటర్ల వెడల్పే తీసుకోవాలి.

లెక్క

మచ్చుకు ఒక లెక్క వేద్దాం. ఖాళీ చొక్కా 210, ప్రింటు 70, లేబులు, కవరు 15, పార్శిలు 70, అమ్మకం ధర 599 అనుకుంటే చెల్లింపు సంస్థ రుసుము 14. మొత్తం 379 రూపాయలు. ధరలోనే ఉన్న 5 శాతం జీఎస్టీ ఇరవై ఎనిమిదిన్నర. కొన్న సరుకు మీద కట్టిన పన్నును పక్కనపెడితే చేతిలో మిగిలేది 191 చిల్లర. యాభై వేసి 42 అమ్మితే 8,043 వచ్చినట్టుంటుంది. మిగిలిన ఎనిమిదిలో, పార్శిలు, రుసుము కలపకుండా ఒక్కోదానికి 295 చొప్పున, ఇరుక్కున్నది 2,360. నికరంగా 5,683. ఆ మిగిలిపోయేవి సాధారణంగా ఎస్, డబులెక్స్ఎల్ సైజులే. అందుకే వారం పది రోజులు ముందస్తు ఆర్డర్లు తీసుకుని, డబ్బు అందాక, వచ్చిన సైజుల ప్రకారం మాత్రమే అచ్చు వేయించి, పాడయ్యే వాటికి ఓ రెండు మూడు ఎక్కువ వేయడం చిన్న కామిక్‌కు క్షేమం. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే తలుపు తీయనివాళ్ల పార్శిలు రానూపోనూ ఖర్చు మీద పడుతుంది, ఒక్క చొక్కా లాభం దానికే పోతుంది. 180 జీఎస్ఎం చొక్కా సుమారు 200 గ్రాములుంటుంది. కొరియరు అర కిలో శ్లాబులో రెండు పడతాయి కాబట్టి, రెండు కొంటే పార్శిలు ఉచితం అనడానికి లెక్క కుదురుతుంది.

పన్ను విషయంలో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషను హద్దు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవరు, తెలంగాణలో 20 లక్షలు. అయితే రాష్ట్రం దాటి సరుకు అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషను ఉండాలి. హైదరాబాదులో కూర్చుని విజయవాడ పాఠకుడికి ఒక్క చొక్కా పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. రెండు రాష్ట్రాల్లోనూ పాఠకులున్న కామిక్‌కు మొదటి రోజే రిజిస్ట్రేషను తప్పదన్నమాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు దుస్తుల మీద 5 శాతం, అది దాటితే 18 శాతం.

హీరోల బొమ్మలు, బిరుదులు వేసి తొందరగా అమ్ముకోవాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. 2025 సెప్టెంబరులో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు, చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు వారి పేరు, రూపాలను అనుమతి లేకుండా వాడుకోకుండా మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చాయి. కార్టూనుగా గీసినా పోలిక తెలిస్తే చిక్కే. సొంత పాత్ర మీద అయితే గీసిన క్షణం నుంచీ కాపీరైటు ఉంటుంది, రిజిస్ట్రేషను లేకపోయినా. రాసేవాళ్లు ఒకరు, గీసేవాళ్లు ఇంకొకరు అయినప్పుడు స్నేహం మీద వదిలేయకుండా కాగితం రాసుకోవాలి. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకని, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని లెక్క. చొక్కాల మీద వేసుకునే హక్కు, లాభంలో వాటా అందులో విడిగా రాయాలి.

అమెరికాలోని తెలుగువాళ్ల నుంచి ఆర్డర్లు వస్తే ఇక్కడినుంచి పార్శిలు పంపడం ఇప్పుడు గిట్టుబాటు కాదు. 800 డాలర్ల లోపు సరుకుకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. అక్కడే ఆర్డరు మీద అచ్చు వేసి పంపే సంస్థకు ఫైలు అప్పగించడం నయం. అక్షరాలు గీతలుగా మారి ఉన్న ఫైలు పంపాలి, ముందుగా ఒక నమూనా అక్కడి స్నేహితుడి ఇంటికి తెప్పించి వత్తులు, అంచులు ఫొటోలో దగ్గరగా చూసుకున్నాకే ఆర్డర్లు తెరవాలి.